బొగ్గు బాటకు నీటి లెక్క

పరకాల నుంచి రేగొండ మీదుగా భూపాలపల్లికి, అక్కడి నుంచి కాళేశ్వరం వైపు సాగే 353సి జాతీయ రహదారి మీద రాత్రీ పగలూ లారీలే. కొన్నిట్లో సింగరేణి బొగ్గు, కొన్నిట్లో గోదావరి ఇసుక. భూపాలపల్లికి రైలు మార్గం లేదు. కాకతీయ ఖనుల బొగ్గు, అంటే ఇక్కడ అందరూ కేటీకే అని పిలిచే గనుల బొగ్గు, రోడ్డెక్కక తప్పదు. చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో నడుస్తున్న థర్మల్ కేంద్రానికీ బొగ్గు టిప్పర్లలో వస్తుంది. ఇంత బరువు మోసే దారి గురించి మాట వచ్చినప్పుడల్లా గుంతలు, దుమ్ము, తారు మందం, వెడల్పు గురించే మాట్లాడుకుంటాం. ఆ దారి కింద నుంచి నీళ్లు ఎటు పోతున్నాయి, ఎన్ని పోగలవు అనే సంగతి వానాకాలంలో దారి తెగిన రోజు తప్ప గుర్తుకు రాదు.

2023 జూలై 27న ఆ సంగతి భూపాలపల్లి జిల్లా అంతటికీ ఒకేసారి గుర్తుకొచ్చింది. ఒక్క రోజు వ్యవధిలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్లు, చిట్యాలలో 61.65 సెంటీమీటర్లు, రేగొండలో 46.7 సెంటీమీటర్ల వాన నమోదైంది. మోరంచ వాగు మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాలూ చెట్లూ ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, కొందరు వరదలో కొట్టుకుపోయారు. చిట్యాల మండలం నైన్‌పాకలో జేసీబీ మీద చిక్కుకున్న వాళ్లను హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లింది. కేటీకే ఓపెన్‌కాస్టుల్లో పని ఆగిపోయింది. మరుసటి ఏడాది, 2024 సెప్టెంబర్ 1 నాటి వానకు పొరుగున మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఎప్పుడో వందేళ్లకు వచ్చే వాన అని సరిపెట్టుకుందామంటే, రెండు వానాకాలాల్లో ఒకే మూల రెండుసార్లు తెగింది.

దారి తెగినచోట మొరం పోసి, పాత కొలతకే పైపులు పరిచి, నాలుగు రోజుల్లో లారీలు వదలడం మనకు అలవాటు. ఆ నాలుగు రోజుల్లో ఎవరూ లెక్క వేయరు. వేయాలనుకున్నా ఏ పుస్తకం తెరవాలో తెలియదు. గని లోపలి హాల్ రోడ్లకు ఒక సాహిత్యం ఉంది. 1977లో అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్ ప్రచురించిన కాఫ్‌మన్, ఆల్ట్‌ల మాన్యువల్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో థాంప్సన్, విస్సర్ డంపర్ దారుల మీద చేసిన కృషి దాన్ని చాలా ముందుకు తీసుకెళ్లింది. ప్రజా రహదారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాలున్నాయి. చిన్న వంతెనలకూ కల్వర్టులకూ ఎస్‌పీ 13, గ్రామీణ రోడ్లకు ఎస్‌పీ 20, రోడ్డు మురుగుకు ఎస్‌పీ 42. ఈ రెండు అల్మారాల మధ్య ఒక ఖాళీ ఉంది. గని గేటు దాటి, పత్తి చేల మధ్య నుంచి, రెండు మూడు ఊళ్లను ఒరుసుకుంటూ హైవేను కలిసే దారి పూర్తిగా గని రోడ్డూ కాదు, పూర్తిగా ఊరి రోడ్డూ కాదు. దానిమీద నడిచేది గని బరువు. దాని కింది పైపు మాత్రం ఊరి రోడ్డు లెక్కన వేసినది. మన చిక్కంతా ఈ దారిలోనే ఉంది.

ముందు నీటి లెక్క చూద్దాం. ఇది కాగితం, పెన్నుతో ఎవరైనా వేసుకోగలిగేది. గంటకు ఐదు సెంటీమీటర్ల జోరున వాన పడుతూ, పడ్డదాంట్లో సగం భూమిలోకి ఇంకితే, ఎకరాకు దాదాపు ఒక క్యూసెక్కు చొప్పున నీళ్లు కిందికి వస్తాయి. 250 ఎకరాల నీళ్లు ఒక ఒర్రెలోకి దిగుతున్నాయంటే ఆ ఒర్రె మీది కల్వర్టు 250 క్యూసెక్కులు దాటించాలి. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న హ్యూమ్ పైపులో సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో నిండుగా పారితే పోయేది సుమారు 100 క్యూసెక్కులు. అంటే అక్కడ మూడు పైపులు ఉండాలి. మీటరు పైపులైతే ఒక్కొక్కటీ 70 క్యూసెక్కులే మోస్తుంది కాబట్టి నాలుగు కావాలి. ఏ ఊరి దారైనా తీసుకుని, ఎగువన ఎన్ని ఎకరాలు వాలి ఉన్నాయో టోపోషీట్ మీద చూసి, కింద ఎన్ని పైపులున్నాయో లెక్కపెడితే తేడా తెలిసిపోతుంది.

ఇదే లెక్కకు 2023 నాటి వానను పెట్టి చూస్తే ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. 46.7 సెంటీమీటర్లను 24 గంటలకు పంచితే గంటకు రెండు సెంటీమీటర్ల లోపే. ఒక్క చుక్క ఇంకకుండా అంతా పారినా ఆ 250 ఎకరాల ఒర్రెకు రోజంతటి సగటు 190 క్యూసెక్కులు. నిజమే, వాన సమంగా పడదు, నడుమ జోరు గంటలు ఉంటాయి. అంటే చిన్న ఒర్రెల మీది కల్వర్టులను పడగొట్టేది ఆ జోరు గంటలే కానీ మొత్తం వాన కాదు. మోరంచ, చలివాగు లాంటివాటి సంగతి వేరు. వాటికి దూరం నుంచి నీళ్లు రావాలి, చెరువులు నిండాలి, అలుగులు దూకాలి. వాటిని కొట్టేది రోజంతా విడవకుండా కురిసిన వాన. అందుకే రేగొండ ప్రాంతంలో ఒకే తరహా కల్వర్టు డిజైన్‌ను ఒర్రెకూ వాగుకూ అతికించడం తప్పు. ఒర్రె దగ్గర గంట వానను చూడాలి, వాగు దగ్గర రోజు వానను, ఎగువ చెరువులను చూడాలి.

ఇక్కడ చెరువులు అనడం మాటవరసకు కాదు. రామప్ప, లక్నవరం, ఘనపురం చెరువు, వాటి చుట్టూ లెక్కకు అందనన్ని చిన్న కుంటలు. ఒకదాని మత్తడి (అలుగు) నీళ్లు ఇంకోదానికి పోయేలా గొలుసుకట్టుగా కాకతీయుల కాలం నుంచీ అల్లిన నేల ఇది. ఈ గొలుసును దారి ఎక్కడో ఒకచోట అడ్డంగా కోస్తుంది. అలా కోసినచోట కల్వర్టుకు వచ్చే వరద వాన మీద మాత్రమే ఆధారపడదు. ఎగువ చెరువు నిండేదాకా ఏమీ రాదు. నిండాక మత్తడి పొడవును బట్టి వస్తుంది. కట్టకు గండి పడితే, వానకు సంబంధం లేకుండా చెరువంతా ఒక్కసారే వచ్చి పడుతుంది. మహబూబాబాద్‌లో రైలు పట్టాల కింద జరిగింది ఇదే, ఎగువన చెరువులు తెగిన నీళ్లు వచ్చి కొట్టాయి. కాబట్టి గొలుసుకట్టు చెరువుల దిగువన వేసే ప్రతి కల్వర్టుకూ మొదట అడగాల్సినది ఎగువ మత్తడి పొడవెంత, కట్ట స్థితి ఏమిటి అన్నది. ఈ వివరాలు నీటిపారుదల శాఖ దగ్గర ఉంటాయి. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పనుల్లో చాలా చెరువులకు కొత్తగా కొలతలు కూడా తీశారు. రోడ్డు అంచనా వేసే ఇంజినీరు బల్ల మీదికి ఆ కాగితాలు రావాలి.

మరి గని వచ్చాక ఈ లెక్క ఏమవుతుంది? మన ఇంజినీర్లు పెద్ద వరదకు వాడే పాత సూత్రాలు మూడు: డికెన్స్, రైవ్స్, హైదరాబాద్ రాజ్యంలో దక్కన్ నేలల కోసం వాడుకలోకి వచ్చిన నవాబ్ జంగ్ బహదూర్ సూత్రం. మూడింటికీ ప్రధానంగా కావాల్సింది పరివాహక ప్రాంతం విస్తీర్ణం, ఆ ప్రాంతానికని ఎంచుకునే ఒక గుణకం. ఆ నేల మీద అడవి ఉందా, చేను ఉందా, గని నుంచి తీసిపోసిన మట్టి గుట్ట ఉందా అని అవి అడగవు. ఓపెన్‌కాస్టు వచ్చినప్పుడు జరిగేది సరిగ్గా ఈ మార్పే. గోతిలో పడ్డ వాన ఒర్రెకు రాదు, సంపులో చేరి పంపుల ద్వారా వేరే చోట, వేరే వేళ బయటికి వస్తుంది. ఓబీ డంపు, అంటే ఆ మట్టి గుట్ట మీద పడ్డది మాత్రం ఇంకకుండా, ఆగకుండా, మట్టిని వెంటేసుకుని దిగుతుంది. విస్తీర్ణం మారకపోతే సూత్రం చెప్పే జవాబూ మారదు. వాస్తవంలో ఇంకే పాలు సగం నుంచి ఐదో వంతుకు పడిపోయిందనుకుంటే, అదే 250 ఎకరాలకు 250 బదులు 400 క్యూసెక్కులు వస్తాయి. మూడు పైపులు చాలినచోట నాలుగు కావాలి. దానికి తోడు ఆ నీళ్లు మోసుకొచ్చే ఒండ్రు. పైపు వ్యాసంలో మూడో వంతు ఎత్తు దాకా పూడిక చేరితే నీటి దారి దాదాపు 30 శాతం మూసుకుపోయినట్టే. అంటే గుట్ట రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది, నీళ్లు పెంచుతుంది, పైపు కుదిస్తుంది.

నా దృష్టిలో మొత్తం ప్రశ్నకు గుండెకాయ ఇదే. గని దారి కల్వర్టును ఇవాళ్టి నేలను చూసి కొలవకూడదు. గని ప్లాన్‌లో చివరి ఏడాదికి గుట్టలు ఎక్కడ, ఎంత ఎత్తున నిలుస్తాయో, ఏ ఒర్రెను ఎటు మళ్లిస్తారో గీసిన పటం ఉంటుంది. కొలవాల్సింది ఆ పటాన్ని చూసి. ఆ పటం సింగరేణి దగ్గర ఉంది. కల్వర్టు కట్టేది ఒకచోట రోడ్లు భవనాల శాఖ, ఒకచోట పంచాయతీరాజ్, హైవే మీద జాతీయ రహదారుల విభాగం. ఒకే ఒర్రె మూడు కిలోమీటర్లలో ముగ్గురు యజమానుల కల్వర్టుల కింద నుంచి పారుతుంది. ఎగువ వాళ్లు పెద్దది కడితే దిగువ చిన్న కల్వర్టు మునుగుతుంది. దిగువ వాళ్లు పెద్దది కట్టినా ఎగువన మూసుకుపోయి ఉంటే ఆ ఖర్చు వృథా. ఒక ఒర్రెకు మొదటి నుంచి చివరిదాకా ఒకే లెక్క ఉండాలి, ఎవరు కట్టినా దాన్ని బట్టే కట్టాలి.

గని లోపల ఈ జాగ్రత్త కొంతవరకు చట్టబద్ధంగానే ఉంది. బొగ్గు గనుల రెగ్యులేషన్ల ప్రకారం గని ముఖద్వారపు అడుగు అక్కడి అత్యధిక వరద మట్టానికి కనీసం ఒకటిన్నర మీటర్ల పైన ఉండాలి. పర్యావరణ అనుమతుల్లో డంపుల చుట్టూ గార్లాండ్ డ్రెయిన్లు, పూడిక గుంటలు, డంపు పాదం దగ్గర గోడ తప్పనిసరి. ఆ డ్రెయిన్లూ సంపులూ గరిష్ఠ వానకు పైన మరో 50 శాతం అదనపు సామర్థ్యంతో ఉండాలని సాధారణంగా షరతు పెడతారు. ఇది మంచి షరతు. అయితే ఆ నిండు డ్రెయిన్ నీళ్లు గని సరిహద్దు దాటి మొదట కలిసే ఒర్రె మీది ఊరి కల్వర్టుకు అలాంటి షరతేమీ లేదు. లోపల పెద్ద కాలువ, బయట చిన్న పైపు. సరిహద్దు దాటాక మొదటి రెండు మూడు కల్వర్టులను కూడా ఆ అనుమతి షరతులో చేర్చడం కష్టమేమీ కాదు. 2015లో చట్టంలోకి వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉన్నది గని వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసమే, దానిలో రోడ్లకూ వంతెనలకూ వాటా ఉంది. ఆ వాటాలో తారు కంటే ముందు కల్వర్టు రావాలి.

ఇప్పుడు కల్వర్టు దగ్గరికే వెళ్లి చూద్దాం. చిన్న పైపు కల్వర్టులో ఎన్ని నీళ్లు పోతాయన్నది చాలాసార్లు పైపు పొడవుతో, వాలుతో తేలదు. దాని మూతి తేలుస్తుంది. పలుచని అంచుతో మట్టికట్ట లోంచి బయటికి పొడుచుకొచ్చిన పైపు మూతి దగ్గర నీరు గింగిరాలు తిరిగి బలం కోల్పోతుంది. ఆ నష్టాన్ని ఇంజినీర్లు 0.9 గుణకంతో కొలుస్తారు. హెడ్‌వాల్ కట్టి మూతిని గోడలో కలిపితే అది 0.5కు దిగుతుంది. కాంక్రీటు పైపు సాకెట్ వైపు, అంటే వెడల్పు మూతి, ఎగువకు ఉండేలా పరిస్తే 0.2కు. పైపు అదే, ధర అదే. తిప్పి పరచడానికి క్రేన్ డ్రైవర్‌కు ఒక మాట చెబితే చాలు. మన దగ్గర చాలా చిన్న దారుల కల్వర్టులకు హెడ్‌వాల్ నామమాత్రం, రెక్క గోడలు ఉండవు, మూతి ఎటు ఉందో పట్టించుకునేవారు లేరు.

ఆ మూతికి ఇంకో శత్రువు పత్తి కట్టె. రేగొండ, చిట్యాల చేలలో పత్తి తీశాక పీకిన కట్టెను గట్టున కుప్ప వేస్తారు. కాల్చగా మిగిలింది, కాల్చనిది తొలి పెద్ద వానకు ఒర్రెలోకి జారుతుంది. పైపు మూతిలో నాలుగు కట్టెలు అడ్డం పడితే వాటికి గడ్డి, ప్లాస్టిక్ సంచులు, డ్రిప్ పైపు ముక్కలు చుట్టుకుంటాయి. గంటలో అది ఆనకట్ట. మీటరు లోపు పైపుకు ఈ ముప్పు మరీ ఎక్కువ. శుభ్రం చేయడానికి మనిషి లోపలికి దూరలేడు కూడా. చిన్న పైపులు రెండు మూడు పక్కపక్కన పరచడం కంటే అదే వైశాల్యానికి ఒకే పెట్టె కల్వర్టు కడితే కట్టెలు, కొమ్మలు సాగిపోతాయి. ఖర్చు ఎక్కువే. కానీ తెగిన దారి వల్ల ఆగే లారీల ఖర్చును ఎవరూ ఆ పక్కన రాసి చూడరు.

దిగువ వైపు కథ వేరు. పైపులోంచి వేగంగా దూకిన నీరు ఒర్రె అడుగును తవ్వి గుంత చేస్తుంది. ఏటా కొంత తవ్వి, చివరికి పైపు కొస కింద మట్టి లేకుండా పోతుంది. ఒక పైపు ముక్క ఊడి పడుతుంది, దాని వెనక మట్టికట్ట జారుతుంది. పైన తారు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, లారీ చక్రం పడ్డప్పుడు తెలుస్తుంది. బయటికి రాతి పరుపు, దాని చివర భూమిలోకి దిగిన కటాఫ్ గోడ ఉంటే ఇది జరగదు. నల్లరేగడిలో, ఒండ్రు ఇసుకలో ఈ గోడ తప్పనిసరి అని నా అభిప్రాయం. అంచనాలు కోసే వేళ మొట్టమొదట కొట్టేసేది దీన్నే.

బరువు సంగతి. హైవే లారీ ఒక్క యాక్సిల్ మీద చట్టం అనుమతించే బరువును కేంద్రం 2018లో 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. రోడ్డుకు జరిగే నష్టం బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందన్న ప్రసిద్ధ సూత్రం ప్రకారం చూస్తే ఇది 60 శాతానికి పైగా అదనపు నష్టం. గని లోపలి వంద టన్నుల తరగతి డంపర్‌కు నిండు బరువులో మూడింట రెండు పాళ్లు వెనక చక్రాల మీదే, అంటే వంద టన్నులకు పైనే పడుతుంది. అక్కడ పైపు మీద చాలినంత మట్టి కప్పు లేకుంటే, భారీ బరువుల కోసం చేసే ఎన్‌పీ4 తరగతి పైపు అయినా పగులుతుంది. బయటి దారిలో అంత బరువు రాదు కానీ, నానిన నల్లరేగడి మీద లారీ బరువే చాలు. రోడ్డు అడుగు నిలవ నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు పైన ఉండాలని చెప్పే నియమం అందుకే.

ఆ ఎత్తును కాపాడేది పక్క కాలువ. దాని గతి చూస్తే బాధ కలుగుతుంది. టిప్పర్ల నుంచి రాలిన బొగ్గు పొడి, టైర్లు తెచ్చిన మట్టి రోడ్డు అంచున పేరుకుని తారు కంటే ఎత్తవుతాయి. రోడ్డు మీది నీరు పక్కకు దిగలేక అక్కడే నిలుస్తుంది. ప్రతి చేనుకూ ట్రాక్టర్ దిగడానికి రైతు కాలువలో నాలుగు బండలు వేసి మట్టి కప్పుతాడు. అతని అవసరం అతనిది, అతన్ని తప్పు పట్టలేం. రోడ్డు అంచనాలోనే వంద మీటర్లకో చేను బాట, దాని కింద చిన్న పైపు పెట్టి ఉంటే ఆ బండలు పడేవి కావు. ఇది చాలా చవకైన పని.

ఒక్క విషయంలో ఊరట: ఇక్కడి బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయ గనుల్లా ఆమ్లపు నీళ్లు ఊరే బెడద మనకు పెద్దగా లేదు. మన సమస్య పరిమాణానిది, ఒండ్రుది.

ప్రపంచంలో ఇంతకంటే పెద్ద దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియా క్వీన్స్‌ల్యాండ్‌లో 2008 జనవరిలో నొగోవా నది ఎన్‌షామ్ గనిలోకి వచ్చి డ్రాగ్‌లైన్ అనే భారీ తవ్వకపు యంత్రాన్ని ముంచింది. 2010-11 వరదల్లో ఆ రాష్ట్రపు బొగ్గు గనుల్లో అత్యధికం దెబ్బతిన్నాయి, ఎగుమతుల ఒప్పందాలు నిలిచిపోయాయి. అమెరికా అటవీ దారుల ఇంజినీర్లు కెల్లర్, షెరార్ 2003లో రాసిన తక్కువ రాకపోకల దారుల పుస్తకంలో ఒక ఆలోచన చాలా బలంగా ఉంది. కల్వర్టు చాలకపోతే నీరు ఎక్కడ దాటాలో ముందే నిర్ణయించాలి, దారే నీటిని తనతోపాటు పొడవునా మోసుకెళ్లే పరిస్థితి రాకూడదు. దీన్ని మనం అమెరికా నుంచి నేర్చుకోనక్కర లేదు. ఘనపురం, రామప్ప చెరువు కట్టలు ఏడెనిమిది వందల ఏళ్లుగా నిలిచింది తూముల వల్ల మాత్రమే కాదు, మత్తడి వల్ల. తూము రోజువారీ నీటికి, మత్తడి ఎక్కువైన నీటికి. కట్ట ఎక్కడ పొంగాలో కట్టినవాళ్లే చెప్పి పెట్టారు.

వాగుకు అడ్డంగా ఎత్తు మట్టి పోసి వేసిన ప్రతి దారీ నీటి దృష్టిలో కట్టే. మన దారులకు తూములున్నాయి, మత్తడి లేదు. నాలుగు పైపులతో, పదడుగుల మట్టికట్టతో దారి వేస్తే, పైపులు చాలనినాడు నీరు కట్ట ఎగువన పేరుకుని ఊళ్లోకి తిరుగుతుంది. లేదంటే కట్టను కోసేసి దిగువ మీద పడుతుంది. పెద్ద వాగు దాటే దారిలో, పైపుల పక్కన, ఒక పొడవైన భాగాన్ని కావాలనే తక్కువ మట్టంలో కాంక్రీటుతో వేసి, రెండు అంచులకూ కటాఫ్ గోడలు దించితే అది దారికి మత్తడి. పెద్ద వరదలో కొన్ని గంటలు లారీలు ఆగుతాయి, దారి మిగులుతుంది, ఎగువ ఊరు మునగదు. మునిగే వంతెనలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 82 అనే పుస్తకమే ఉంది. ఇలాంటి మునిగే దారినే చప్టా అంటారు. ఊళ్లలో చప్టా అంటే వెనకబాటుతనానికి గుర్తు అనే భావన బలంగా ఉంది, ప్రతి నాయకుడూ దాన్ని ఎత్తు చేయిస్తానంటాడు. ఎత్తు చేయడం అంటే పొడవైన వంతెన అయితే సంతోషమే. మట్టి పోసి పైపులు పెట్టడమైతే చప్టానే మేలు.

అయితే చప్టా మీద మనుషులు చనిపోతున్నారన్నది నిజం, దాన్ని దాటవేయకూడదు. పారే నీటిలోకి బండి దించడం వల్ల జరిగే చావులు అవి. రెండు వైపులా అడుగుల గుర్తులు వేసిన కొలత స్తంభాలు, అడుగు దాటగానే వేసే గేటు, ఆ గేటు తాళం దగ్గర్లోని ఒక మనిషి చేతిలో ఉంటే చాలావరకు ఆగుతాయి. కేటీకే గనుల్లో షిఫ్టు మారే వేళ కార్మికులు ఇవే దారుల్లో బైకుల మీద వస్తారు. మోరంచ దగ్గర నీటి మట్టం ఎంతుందో గని కంట్రోల్ రూముకు ఫోన్లో తెలిస్తే షిఫ్టును రెండు గంటలు జరపడం యాజమాన్యం చేతిలో పని.

చివరికి మే నెల పని మిగులుతుంది. నైరుతి వచ్చే ముందు ప్రతి గనీ తన సంపులూ పంపులూ చూసుకుంటుంది. ఆ తనిఖీ గేటు దగ్గర ఆగకుండా హైవే కూడలి దాకా రావాలి. కల్వర్టు ఒక్కోదానికి ఒక నంబరు, ఒక పేజీ: ఎగువ ఎకరాలు, చెరువు ఉంటే దాని మత్తడి పొడవు, పైపుల సంఖ్య, వ్యాసం, మూతి స్థితి, పూడిక ఎత్తు, దిగువ గుంత లోతు. రేగొండ నుంచి గనుల దాకా ఉన్న దారులకు ఆ పేజీలు నింపడానికి ఇద్దరు వర్క్ ఇన్‌స్పెక్టర్లకు ఒక టేపు, ఒక బైకు, పదిహేను రోజులు సరిపోతాయి. పైపు కొలత మార్చాలా, పూడిక తీస్తే చాలా, మత్తడి పెట్టాలా అన్నది ఆ పేజీ చూశాక ఏ ఇంజినీరైనా చెప్పగలడు. జూన్ రెండో వారం దాటితే ఆ ఒర్రెల్లోకి దిగి టేపు పెట్టడం కుదరదు.